బావి ముందు, బల్లలు తర్వాత

నాంపల్లి స్టేషన్‌కు ఎదురుగా ఉన్న సందులో మా నాయినకు టిఫిన్ల హోటలు ఉండేది. హోటలు వెనక పెద్ద వాకిలి, వాకిట్లో బావి, బావి చుట్టూ కిరాయి ఇళ్ల వరస. మేమూ ఆ వరసలోనే ఒక ఇంట్లో ఉండేవాళ్లం. కాంపౌండు యజమాని హిమాయత్‌నగర్‌లో ఉండేవాడు. నెలకొకసారి వచ్చి కిరాయి తీసుకుని, మా హోటల్లో చాయ్ తాగి వెళ్లిపోయేవాడు. బావి ఎవరిదంటే కాగితాల ప్రకారం ఆయనదే. కానీ ఆయన ఏనాడూ దాంట్లోకి తొంగి చూసినవాడు కాదు. మేమంతా రోజూ తోడుకునేవాళ్లం గనక మా అందరిదీ అనుకునేవాళ్లం. ఎవరిదని అడగవలసిన అవసరం డెబ్బైల మొదట్లో, వరసగా రెండేళ్లు వానలు ముఖం చాటేసినప్పుడు వచ్చింది. అప్పుడు నేను కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను.

తాగడానికి పొద్దున్నే నల్లా వచ్చేది. సన్నటి ధార, అదీ కాసేపే. మిగతా పనులన్నిటికీ బావే దిక్కు. మా పక్కింట్లో మెదక్ నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఉండేది. ఆమె దవాఖానలో నర్సు. భర్త లేడు. ముసలి తల్లి, ఇంకా బడికి పోని చిన్న పాప. ఆమెను నేను నర్సక్క అనేదాన్ని. ఎదురింట్లో రైల్వే పార్సిల్ ఆఫీసు గుమాస్తా, ఆయన భార్య, పిల్లలు. ఇంకొన్ని ఇళ్లు ఉన్నా, ఏ మాటకైనా ముందుకొచ్చేవాళ్లు వీళ్లే.

వెనక సందులో బట్టలు ఉతికే ఒకామె ఉండేది. ఆమె మా కాంపౌండు మనిషి కాదు. అయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వెనక గేటు తోసుకుని లోపలికి వచ్చి, బావి పక్కన బండ మీద ఉతుక్కుని వెళ్లేది. ఆమె అత్త కూడా ఆ బండ మీదే ఉతికిందట. చుట్టుపక్కల లాడ్జీల దుప్పట్లు, మా హోటలు తువ్వాళ్లు ఆమె చేతి మీదుగానే శుభ్రమయ్యేవి. ఆమె బట్టలు దులుపుతుంటే బావి చుట్టూ సబ్బు వాసన కమ్ముకునేది.

నీళ్లు వృథాగా పోతే నాయినకు ఒళ్లు మండేది. చెయ్యి కడుక్కునే కుండీ దగ్గర గిరాకీలు చెంబు మీద చెంబు ఒంపుకుంటుంటే గల్లాపెట్టె దగ్గర నుంచే చూస్తూ పళ్లు కొరికేవాడు. అందుకే ఒక ఏడాది స్టీలు పళ్లేలు అటకెక్కించి మోదుగాకు విస్తళ్లు తెప్పించాడు. బియ్యం కడిగిన నీళ్లతో మొదట గిన్నెలు తోమించి, ఆ తర్వాతే మంచి నీళ్లతో కడిగించేవాడు. ఫలితం వెంటనే కనిపించింది. హోటలుకు నీళ్లు నింపిపెట్టే హౌజు, పొద్దూకే వేళకు అడుగంటేది కాస్తా, సగానికి పైగా నిండుగా ఉండసాగింది. నాయిన హౌజు గట్టు మీద చెయ్యి పెట్టి ఆ నీళ్లను చూసుకుంటూ నిలబడేవాడు. కొడుకు ఫస్టు క్లాసులో పాసైనట్టు ఉండేది ఆయన ముఖం.

అయితే మిగిలిన నీళ్లు మిగిలినట్టే ఉండలేదు. పక్కన మూతబడ్డ దుకాణం కిరాయికి తీసుకుని, గోడ పగలగొట్టి కొత్త బల్లలు వేయించాడు. మధ్యాహ్నం భోజనాలు మొదలుపెట్టాడు. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుంచి గుమాస్తాలు నడిచి వచ్చేవాళ్లు. గౌలిగూడలో బస్సు దిగి రైలుకు పోయేవాళ్లు సంచులు బల్ల కింద పెట్టుకుని గబగబా తినేవాళ్లు. నెల తిరిగేసరికి హౌజు మునుపటి కంటే ముందే అడుగంటసాగింది. ఒకనాడు అమ్మ సాంబారు పొడి జల్లెడ పడుతూ ఆ మాటే అంది.

"మిగిల్చిన నీళ్లన్నీ కొత్త బల్లలే తాగినయ్ గద."

నాయిన నవ్వేసి, గిరాకీ పెరగడం కూడా తప్పేనా అని అడిగాడు. అమ్మ మళ్లీ జల్లెడ పట్టింది.

ఆ ఏడు నుమాయిష్‌కు ముందు నాయినా అన్నా ఆబిడ్స్ పోయి మోటరు కొనుక్కొచ్చారు. నుమాయిష్ అంటే ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్, ఆ రోజుల్లో నాంపల్లి అంతా జాతరలా ఉంటుంది. ఆ గిరాకీని చేద తాడుతో తట్టుకోలేమని అన్న పట్టుబట్టాడు. అన్న మాటలో న్యాయం ఉంది. మీసాలు రాని వయసు నుంచి హోటలుకు నీళ్లు తోడింది వాడే. వాడి అరచేతులు తాడు రాపిడికి మొద్దుబారి ఉండేవి. మోటరు మొదటిసారి నీళ్లు కక్కినప్పుడు వాడు ఆ ధార కింద తల పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నర్సక్క పాప ఆ తుంపర్లలో గంతులేసింది. ఆ రోజు ఎవరికీ ఏ భయమూ కలగలేదు. నాకూ కలగలేదు.

నుమాయిష్ ముగిసి జనం పలచబడ్డాక మా ఇంటి చేద నీటిని అందుకోవడం మానేసింది. అమ్మ తాడుకు ఇంకో తాడు ముక్క కట్టింది. కొన్నాళ్లకు పార్సిల్ గుమాస్తా భార్య కూడా కట్టింది. ఎండలు ముదిరేసరికి ప్రతి ఇంటి తాడులోనూ ముడులే. గిలక మీద ముడి పడినప్పుడల్లా టక్కుమని చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వింటే చాలు, ఎవరు తోడుతున్నారో, ఎంత లోతు నుంచి తోడుతున్నారో ఇంట్లో కూర్చునే తెలిసిపోయేది.

అప్పుడే కాలేజీలో మాకు ఎకనామిక్స్ లెక్చరర్ బోర్డు మీద పెద్ద వలయం గీసి చూపించాడు. దుకాణం నుంచి ఇంటికి సరుకు, ఇంటి నుంచి దుకాణానికి పని, అటూ ఇటూ తిరిగే డబ్బు. ఆ వలయం పెద్దదయ్యే కొద్దీ దేశం బాగుపడుతుందని చెప్పాడు. నేను లేచి, ఇందులో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని అడిగాను. మంచి మనిషి, విసుక్కోలేదు. అది ప్రకృతి ఉచితంగా ఇచ్చేది కాబట్టి లెక్కలోకి రాదన్నాడు. నేను కూర్చుని అదే రాసుకున్నాను. ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకే తాడు పట్టుకుని గుంజుకుంటున్నారు.

ఎండాకాలం నడిమికి మోటరు నీళ్లతో పాటు గాలి కూడా పీల్చసాగింది. పొద్దున అది ఆగేటప్పటికి బావి అడుగున బురద తేలేది. మళ్లీ ఊరాలంటే మధ్యాహ్నం దాటేది. అందుకని అందరూ మోటరు కంటే ముందే లేవడం మొదలుపెట్టారు. తెల్లారకముందే బావి చుట్టూ బిందెలు, గోలేలు. అవసరం ఉన్నా లేకున్నా తోడి దాచుకునేవాళ్లు, ఎందుకంటే తాము తోడకపోతే పక్కవాళ్లు తోడేస్తారు. పార్సిల్ గుమాస్తా మంచం కింద కూడా నీళ్ల డబ్బాలు పెట్టించాడు. పండక్కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూడకుండా తాడు లాగేవాళ్లు. ఒక పొద్దున ఎవరిదో తాడు కోసేసి ఉంది. ఎవరు కోశారో తేలలేదు. ఆ రోజు నుంచి ప్రతి ఇల్లూ తన తాడును ఇంట్లోకి తీసుకుపోయి తలుపు వేసుకుంది.

చివరకు ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ ముగిశాక, కాంపౌండు వాళ్లంతా మా హోటల్లో కూర్చున్నారు. మాట మోటరు మీదికి వస్తుందని నాయిన ముందే ముడుచుకుని ఉన్నాడు. కానీ పార్సిల్ గుమాస్తా వేరే దారి తీశాడు. ముందు బయటివాళ్లను ఆపాలన్నాడు. కిరాయి కట్టే మనకే నీళ్లు లేనప్పుడు వెనక సందు మనిషి వచ్చి బండెడు బట్టలు ఉతకడం ఏమిటన్నాడు. ఇద్దరు ముగ్గురు ఔనన్నారు. నర్సక్క డ్యూటీలో ఉంది, ఆమె ఉంటే ఏమనేదో. నాయిన పెదవి విప్పలేదు. ఆ ఉపాయం ఆయనకు అనుకూలంగానే ఉంది. మోటరు ఊసు రాకుండానే సభ ముగిసింది.

మర్నాడు వెనక గేటుకు తాళం పడింది. తాళంచెవి అన్న దగ్గర ఉంది. ఉతికే ఆమె మూట నెత్తిన పెట్టుకుని వచ్చి, గేటు తోసి, తెరుచుకోకపోయేసరికి మూట దించి నిలబడింది. అమ్మ గేటు దగ్గరికి పోయింది. నేనూ పోయాను. ఆమె అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

"అమ్మా, లాడ్జోళ్లు రేపు దుప్పట్లు అడుగుతరు. ఉతకలేదంటే వేరేటోళ్లకు ఇస్తరు. నేనెవ్వర్ని అడగాలె, చెప్పున్రి."

అమ్మ ఇనుప చువ్వలు పట్టుకుని కొంచెంసేపు ఆమెనే చూసింది. జర ఓపిక పట్టు చెల్లె అని మాత్రం అనగలిగింది. ఆమె మూట ఎత్తుకుని స్టేషన్ వైపు పోయింది. ఆ రోజు అమ్మ అన్నం ముందు కూర్చుని, కలిపి, లేచిపోయింది.

గేటు మూసినా బావి పెరగలేదు. ఆమె తోడుకునే నీళ్లు మోటరుకు ఒక గుక్క కూడా కావు.

ఆ తర్వాత కొద్ది రోజులకే నీళ్లు వాసన కొట్టాయి. మొదట గమనించింది నర్సక్క. డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ ఆగిపోయింది. దోసిలిలో నీళ్లు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. అప్పుడే మా హోటలు వైపు నడిచి వచ్చింది. నాయిన గల్లా మీద ఉన్నాడు. బావి నిండుగా ఉన్నప్పుడు దాని నీళ్లే బయటికి ఊరుతాయనీ, ఇప్పుడు అది ఖాళీ కావడంతో చుట్టుపక్కల మోరీల మురుగు నీళ్లు లోపలికి ఊరుతున్నాయనీ ఆమె మెల్లగా చెప్పింది. కాచకుండా ఎవరికీ ఇవ్వొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. హోటల్లో తాగే నీళ్లు నల్లావే, వంట నీళ్లు మరిగేవే, భయం లేదని నాయిన అన్నాడు. ఆ మాట నిజమే. కానీ గ్లాసులు కడిగేది బావి నీళ్లతోనే.

ఆమె అందరికీ చెప్పిన జాగ్రత్త ఆమె ఇంట్లోనే తప్పింది. ముసలామె కళ్లకు సరిగా ఆనదు. పాప దాహమంటే గోలెంలోంచి ముంచి ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి అప్పుడే వచ్చాను. ముసలామె గోడ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, పిల్ల లేస్తలేదు బిడ్డా అంది. పోయి చూస్తే పాప చాప మీద పడి ఉంది. వాంతులు, విరేచనాలతో ఒళ్లంతా తడి. కళ్లు లోతుకు పోయాయి. చర్మం పట్టి చూస్తే ముడత అలాగే నిలిచిపోయింది. నర్సక్క డ్యూటీలో ఉంది. నేను పాపను దుప్పటిలో చుట్టుకుని సందు మొదట్లోకి పరుగెత్తి రిక్షా ఎక్కాను. రోడ్డు మీద ఎండ కొలిమిలా ఉంది. స్టేషన్ ముందు టాంగాలు అడ్డం, బస్సు అడ్డం. రిక్షా మనిషి దిగి బండిని చేత్తో లాగుతూ దారి అడుగుతున్నాడు. పాప తల నా మోచేతి మీద అటూ ఇటూ దొర్లుతోంది. పేరు పెట్టి పిలిస్తే మొదట్లో మూలిగింది. తర్వాత అదీ లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ పోయాను.

దవాఖాన వార్డులో నర్సక్క ఎవరికో సూది వేస్తోంది. నన్ను చూసింది, నా చేతుల్లో దుప్పటిని చూసింది. సూది పని పూర్తిచేసి, దూది పెట్టి, ఆ రోగి చెయ్యి మడిచిపెట్టి, అప్పుడు వచ్చి దుప్పటి తీసింది. ఒక్క క్షణం ఆమె పెదవులు కదిలాయి, ప్రార్థన కావచ్చు. ఆ తర్వాత గొంతు మామూలుగానే డాక్టరును పిలిచింది. నరం దొరక్క చాలా అవస్థ పడ్డారు. ఆ చిన్న చేతిని గట్టిగా పట్టుకున్నది తల్లే.

సాయంత్రానికి నాయిన వచ్చాడు. చేతిలో టిఫిన్ క్యారియర్. వరండాలో బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. ఎట్లుంది అని అడిగాడు, తెలవదన్నాను. క్యారియర్ ఎవరూ తెరవలేదు. వార్డులోంచి నర్సక్క బయటికి వచ్చినప్పుడు నాయిన లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన ముందు ఆగింది.

"అన్నా, ఇంకొందరు కూడా గిట్లనే వచ్చిన్రు. ఎక్కడ తిన్నరు, ఎక్కడ తాగిన్రు అని రాసుకునేది నేనే. నాంపల్లోళ్లు ఎవరన్న మీ హోటల్ అంటే నేనేం రాయాలె?"

"ఏం జరిగిందో గదే రాయి చెల్లె," అన్నాడు నాయిన.

ఆమె తలూపి లోపలికి పోయింది. మా హోటలు పేరు ఎవరూ చెప్పలేదని తర్వాత తెలిసింది. చెప్పి ఉంటే ఆమె రాసి ఉండేదే. నాయినకూ ఆ సంగతి తెలుసు.

తెల్లవారితే మళ్లీ హోటలు. అన్న ఎప్పటిలాగే మోటరు వేయడానికి వాకిట్లోకి వచ్చాడు. మోటరు బిగించిన దిమ్మె మీద అమ్మ కూర్చుని ఉంది. స్విచ్చు ఆమె వీపు వెనక. అన్న మొదట నవ్వాడు, తర్వాత బతిమాలాడు. తర్వాత గొంతు పెంచి, ఇడ్లీ పాత్రలు ఖాళీగా ఉన్నాయని, గిరాకీలు వచ్చే వేళ అయిందని అరిచాడు. ఇళ్ల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అమ్మ కదల్లేదు. నలుగురిలో నాయినకు ఎదురు చెప్పిన మనిషి కాదు ఆమె. చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

నాయిన వచ్చి, ఏంది గిది, లే, అన్నాడు.

"లేస్త. జర ఇనున్రి. ముందుగాల బావి ఎంత ఇస్తదో చూడున్రి. తర్వాత గీ ఇండ్లల్లకు, ఆ గేటు బయట ఆమెకు ఎంత కావాల్నో చూడున్రి. గప్పుడు మిగిలింది మనకు."

"మిగలకుంటే?"

"మిగలకుంటే బల్లలు తీసేద్దాం. బావిని పెద్దగ చెయ్యలేం గద."

స్టేషన్‌లో ఇంజను కూత వినిపించింది. నాయిన బావి గట్టు మీద వంగి లోపలికి చూశాడు. తర్వాత అన్న వైపు తిరిగి, ఇయ్యాల హోటల్ బంద్ అని బోర్డు పెట్టు అన్నాడు. అన్న చేతిలో ఉన్న తువ్వాలు నేలకేసి కొట్టి బయటికి పోయాడు.

పాప బతికింది. సెలైను ఎక్కించాక మెల్లగా కళ్లు తెరిచి, అమ్మమ్మ ఏదని అడిగిందట. ఆ కబురు తెచ్చింది నేనే. అమ్మ దేవుడి ముందు దీపం పెట్టింది. ముసలామె తన బైబిలు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

ఆ ఒక్కరోజు బంద్ కొన్నాళ్లు సాగింది. హోటలు మూసినన్నాళ్లూ ఎవరూ బావిలో చేద దించలేదు. నల్లా నీళ్లతోనే అందరం సర్దుకున్నాం. చెమట వాసనతో కాలేజీకి పోయాను. ఊట మెల్లగా పైకి వచ్చింది. బావి గోడలో ఒకచోట రాయి ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. మోరీ మట్టం కంటే అది పైనే ఉందని మేస్త్రీని దింపి చూపించుకున్నాం. ఆ రాయి బయటపడితే ఆ రోజుకు ఎవరూ చేద దించకూడదు, హోటలైనా సరే. ఈ మాట మీద అందరూ సులభంగానే ఒప్పుకున్నారు. భయం అలాంటిది. నర్సక్క దవాఖాన నుంచి బ్లీచింగు పొడి గురించి కనుక్కొచ్చి, ఎంత వేయాలో ఎలా వేయాలో చూపించింది.

పంచుకోవడం దగ్గర మాత్రం మళ్లీ నిప్పు రాజుకుంది. ఇంటికి ఇంత అని సమానంగా ఉండాలన్నాడు పార్సిల్ గుమాస్తా. అలాగైతే పిల్లలున్న ఇంటికీ ఒంటరి మనిషికీ ఒకటే ఎలా అవుతుందని నర్సక్క అడిగింది. మనిషికింత అన్నది అందరికీ నచ్చాక, గుమాస్తా మళ్లీ గేటు మాట ఎత్తాడు. ఉతికే ఆమెకు నీళ్లిస్తే అది ఆమె వ్యాపారానికి ఇచ్చినట్టు. అలాంటప్పుడు హోటలు వ్యాపారానికి ఎందుకు కోత అన్నాడు. ఈసారి ఆయన నాయిన తరఫున వాదిస్తున్నట్టే ఉంది. అందరూ నాయిన వైపు చూశారు.

"ఆమె బట్టలు ఉతకకుంటే ఆమె ఇంట్ల పొయ్యి అంటుకోదు. నేను మధ్యాహ్నం భోజనాలు బంద్ పెడితే నా ఇంట్ల ఒక కూర తగ్గుతది. రెండు ఒకటెట్ల అయితయ్?"

గుమాస్తాకు ఆ మాట రుచించలేదు. అయినా ఒప్పుకున్నాడు. తాళం తీయమని నాయిన చెప్పినప్పుడు అన్న లేడు. తాళంచెవి వాడి దగ్గరే ఉంది. నాయినే సుత్తి తెచ్చి తాళం పగలగొట్టాడు.

ఉతికే ఆమె వెంటనే రాలేదు. అమ్మ వెనక సందుకు పోయి పిలిచింది. లాడ్జీల్లో కొన్ని అప్పటికే చేజారాయి. తన మీద దయ తలచి పిలుస్తున్నారా, హక్కని పిలుస్తున్నారా అని ఆమె అడిగిందట. అమ్మ, నీ వంతు నీకున్నది, వచ్చి తోడుకో అందట. ఆమె వచ్చింది. మురికి వదిలించడానికి మా వంటింట్లో కూరగాయలు కడిగిన నీళ్లు, దుప్పట్లకు పెట్టడానికి మా అన్నం గంజి తీసుకునేది. బావి నీళ్లు ఆఖరు జాడింపుకే వాడేది. నాయిన పొదుపు బుద్ధి అప్పుడు నిజంగా పనికొచ్చింది. ముందు హద్దు గీసుకున్నాం కాబట్టి, మిగిల్చిన చెంబెడు బావిలోనే మిగిలింది.

హోటలు పొద్దుటి టిఫిన్లకే పరిమితమైంది. కొత్త బల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి పక్క గదిలో పెట్టారు, కొన్నాళ్లకు ఆ గది వదిలేశారు. పోస్టాఫీసు గుమాస్తాలు వేరే హోటలు చూసుకున్నారు. ఇంట్లో అన్న పెడసరంగా తిరిగేవాడు. ఒక మిట్టమధ్యాహ్నం, రాయి బయటపడి ఉండగానే, మోటరు మోత వినిపించింది. నాయిన చాయ్ గ్లాసు వదిలేసి వాకిట్లోకి పరుగెత్తి దాన్ని ఆపాడు. నేను వెనకే పోయాను. తండ్రీ కొడుకులు స్విచ్చు దగ్గర ఎదురెదురుగా నిలబడ్డారు. కొట్టుకుంటారనుకున్నాను.

"నువ్వు మంచోడివైతున్నవు నాయినా, నా బతుకు తోని," అన్నాడు అన్న. "గిన్నేండ్లు నీళ్లు గుంజింది నా చేతులు. హోటల్ పెరుగుతదని గుంజిన."

నాయిన స్విచ్చు మీది నుంచి చెయ్యి తీయలేదు. నాకు ఆ రోజు అన్న మీద కోపం రాలేదు. వాడి మాటలో అబద్ధం ఏదని వెతికాను, దొరకలేదు. పొట్టలు నిండాలనే గదా వాడూ కష్టపడింది. బావికి హద్దు ఉంటే ఆ హద్దు బరువు వాడి భుజాల మీదే ఎక్కువగా ఎందుకు పడాలి? ఇంటివాడు గనక వాడి వంతు ఎవరూ లెక్క కట్టలేదు. వానలు పడకముందే వాడు ఇల్లు వదిలి, ఒక స్నేహితుడితో కలిసి హిమాయత్‌నగర్‌లో హోటలు పెట్టుకున్నాడు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చినా గట్టిగానే పడ్డాయి. బావి నిండుతుంటే పిల్లలు గట్టు మీద వంగి చూశారు. నీళ్లు పుష్కలంగా ఉన్నాయి, ఇంకా ఈ కట్టుబాట్లు ఎందుకని పార్సిల్ గుమాస్తా అన్నాడు. నర్సక్క పాపను చంకకెత్తుకుని, రాయిని ఎక్కడికీ కదిలించేది లేదంది. చాలా వాదన జరిగింది. ఆఖరికి మోటరును అందరిదీ చేశారు. పొద్దున కాసేపు నడిపి పెద్ద హౌజు నింపడం, అక్కడి నుంచి ఎవరి వంతు వాళ్లు తీసుకోవడం. ఆడవాళ్ల చేతులకు కాయలు తగ్గాయి. అన్న కోరుకున్నది అదే, కాకపోతే వాడు అప్పటికి అక్కడ లేడు. కట్టుబాటు తప్పినవాళ్లు లేకపోలేదు. మనసులు మునుపటిలా కలవలేదు కూడా. పార్సిల్ గుమాస్తా బదిలీ అయి పోయేదాకా మా ఇంట్లో చాయ్ తాగలేదు.

అన్న హోటలు బాగా నడిచింది. డిగ్రీ అయిపోయిన ఏడాది, నేను మొదటి ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టుకుంటున్న రోజుల్లో, వాడు అమ్మను పిలిచాడు. నాయినను విడిగా పిలవలేదు, రావద్దనీ అనలేదు. ముగ్గురం బస్సులో పోయాం. కొత్త హోటల్లో పాలరాతి బల్లలు, స్టీలు పళ్లేలు, గోడకు వరసగా కుళాయిలు. కుళాయి తిప్పితే చేతి మణికట్టంత ధార. అన్న తానే వచ్చి మాకు వడ్డించాడు. నాయిన ఏదీ వదలకుండా తిన్నాడు, సాంబారు బాగుందన్నాడు. చెయ్యి కడుక్కుంటూ కుళాయిని కొంచెంగా తిప్పి, సన్నటి ధార కింద వేళ్లు కడుక్కున్నాడు. నీళ్లు ఎక్కడియిరా అని అడిగాడు.

"నల్లావి నాయినా. గీడ నల్లాకు తక్కువ లేదు."

"నల్లాలకు ఎక్కడికెల్లి వస్తయ్?"

అన్న నవ్వబోయి ఆగిపోయాడు. నాయిన ఎగతాళికి అడగలేదని వాడికి తెలిసింది. వాడు భుజం మీది తువ్వాలు తీసి నాయిన చేతికిచ్చాడు. నాయిన చేతులు తుడుచుకున్నాడు. గిరాకీలు నిండుగా ఉన్నారు. ఎవరో సాంబారు అని కేకేశారు, అన్న అటు పోయాడు. మేము గుమ్మం దగ్గర వాడి కోసం కాసేపు ఆగాం. వాడు రెండు బల్లల మధ్య నుంచి చెయ్యి ఊపాడు. నాయిన కూడా చెయ్యి ఎత్తాడు. బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. నాంపల్లిలో దిగాక, వాడు చిక్కిపోయిండు, చూసినవా అని అమ్మను అడిగాడు.